నవజాత శిశువుల గృహ సందర్శన

కాన్పు తర్వాత తొలి ఆరు వారాల్లో గ్రామ ఆరోగ్య కార్యకర్త నిర్ణీత రోజుల్లో బాలింత ఇంటికి వెళ్లి, తల్లీబిడ్డలను పరీక్షించి, ప్రమాద లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రికి పంపే సేవను నవజాత శిశువుల గృహ సందర్శన అంటారు. భారతదేశంలో 2011 నుంచి ఇది జాతీయ కార్యక్రమంగా ఆశా కార్యకర్తల ద్వారా సాగుతోంది. ఇంట్లో పుట్టి ఇంట్లోనే చనిపోయే పిల్లల కోసం రూపుదిద్దుకున్న ఈ పద్ధతి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కాన్పులు దాదాపు పూర్తిగా ఆసుపత్రులకు మారాక కూడా నిలిచింది. దాని పని మాత్రం చికిత్స నుంచి కనిపెట్టి ఉండటానికి మారింది.

పూర్వరంగం

పుట్టిన 28 రోజుల్లోపు జరిగే మరణాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు తొలి వారంలోనే సంభవిస్తాయి. నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు వీటికి ప్రధాన కారణాలు. తెలుగు పల్లెల్లో సరిగ్గా ఈ రోజులే పురిటి రోజులు. మంత్రసాని కాన్పు చేసి బొడ్డు కోసేది. మైల వెళ్లేదాకా బాలింత, బిడ్డ ఒక గదికే పరిమితం. బయటివారు లోపలికి రారు, బిడ్డను గడప దాటించరు. చాలా ఇళ్లలో ముర్రుపాలు పిండి పారబోసి తేనో పంచదార నీళ్లో నాకించేవారు. పుట్టిన వెంటనే బిడ్డకు స్నానం చేయించేవారు. పాలు తాగడం మానేసిన బిడ్డకు దిష్టి తగిలిందనో గాలి సోకిందనో అనుకునేలోపే సమయం మించిపోయేది. ఆసుపత్రి ఎంత దగ్గరలో ఉన్నా, ఆ గదిలోకి అడుగు పెట్టి బిడ్డను చూడగల మనిషి లేకపోతే ప్రయోజనం ఉండేది కాదు.

బాలింతల ఇళ్లకు వెళ్లి సలహాలు చెప్పే పద్ధతి ఇంగ్లండులో 1862లో మాంచెస్టర్, సాల్‌ఫర్డ్ ప్రాంతపు మహిళా సంఘంతో మొదలైంది. భారతదేశంలో 1903లో లేడీ కర్జన్ చొరవతో ఏర్పడిన విక్టోరియా స్మారక నిధి మంత్రసానులకు శిక్షణ ఇప్పించింది. స్వాతంత్ర్యం తర్వాత సహాయక నర్సు-మిడ్‌వైఫ్‌లు (ఏఎన్ఎంలు), 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీ కార్యకర్తలు పల్లెలకు వచ్చారు. 1977లో వెయ్యి జనాభాకు ఒక గ్రామ ఆరోగ్య కార్యకర్తను నియమించే పథకం మొదలైనా తర్వాతి దశాబ్దాల్లో నీరుగారిపోయింది. ఏఎన్ఎంల దృష్టి ఎక్కువగా కుటుంబ నియంత్రణ, టీకాల మీదే నిలిచింది. తొలి వారంలో పసికందును ఎవరు చూడాలన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

గడ్చిరోలి ప్రయోగం

ఈ ఖాళీని పూరించే పద్ధతి తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో తయారైంది. కాళేశ్వరానికి ఎదురుగా, ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న సిరొంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న జిల్లా ఇది. వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో అక్కడ ‘సెర్చ్’ సంస్థను స్థాపించారు. 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు శిక్షణనిచ్చి, ఆ ఊళ్లను సాధారణ సేవలు మాత్రమే అందుతున్న 47 గ్రామాలతో పోల్చి చూశారు.

ఆ మహిళలు కాన్పు సమయంలో హాజరయ్యేవారు. ఊపిరి తీసుకోని బిడ్డకు ఊపిరి అందించేవారు. తర్వాత పదే పదే ఇంటికి వెళ్లి బరువు, ఒంటి వేడి, శ్వాస చూసేవారు. రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలుంటే, తల్లిదండ్రుల అంగీకారంతో, నోటి మందుతో పాటు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడా ఇచ్చేవారు. సేవలందిన గ్రామాల్లో వెయ్యి జననాలకు 62గా ఉన్న నవజాత శిశు మరణాలు మూడో ఏటికి 25.5కు తగ్గాయి. పోలిక గ్రామాలతో చూస్తే తగ్గుదల సుమారు 62 శాతం. ఈ ఫలితాలు 1999 డిసెంబరులో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి.

డాక్టరు లేనిచోట అంతంతమాత్రం చదువుకున్న మహిళ ఇంజెక్షన్ ఇవ్వవచ్చా అన్న చర్చ చాలాకాలం నడిచింది. 2008లో ఉత్తరప్రదేశ్‌లోని శివ్‌గఢ్, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతాల అధ్యయనాలు కూడా గృహ సందర్శనలతో మరణాలు బాగా తగ్గాయని చూపాయి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఉమ్మడి ప్రకటన చేస్తూ, పుట్టిన 24 గంటల్లోపు ఒకసారి, మూడో రోజున మరోసారి, వీలైతే వారంలోపు ఇంకోసారి ఇంటికి వెళ్లి చూడాలని సూచించాయి.

జాతీయ కార్యక్రమం

2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా కార్యకర్తను ఏర్పాటు చేసింది. ఆమె ఆ ఊరి కోడలో ఆడపడుచో అయి ఉంటుంది కాబట్టి పురిటి గదిలోకి వెళ్లడానికి పెద్ద అడ్డంకి ఉండదు. గడ్చిరోలి అనుభవం ఆధారంగా 2011లో కేంద్రం గృహ సందర్శన మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజును కలిపి ఏడుసార్లు వెళ్లాలి.

ఇంజెక్షన్ మాత్రం ఆశా చేతికి రాలేదు. 2014లో కేంద్రం ఏఎన్ఎంలకు జెంటామైసిన్ వాడే అనుమతి ఇచ్చింది. గడ్చిరోలి నమూనాలో చికిత్స చేసిన కార్యకర్త, జాతీయ కార్యక్రమంలో ప్రధానంగా గుర్తించి పంపే కార్యకర్త అయింది.

సందర్శనలో జరిగేది

ఆశా సంచిలో వేలాడదీసే తూకం, థర్మామీటర్, డిజిటల్ గడియారం, బిడ్డను చుట్టే దుప్పటి ఉంటాయి. చేతులు కడుక్కున్నాక ఆమె బిడ్డను తూస్తుంది. 2.5 కిలోల కంటే తక్కువుంటే తక్కువ బరువు బిడ్డగా నమోదు చేసి ప్రత్యేకంగా గమనిస్తుంది. శ్వాసను నిమిషం పాటు లెక్కిస్తుంది. అది 60 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా ప్రమాదమే. పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలిపోవడం, ఫిట్స్, బొడ్డు దగ్గర చీము, కాళ్లూ చేతులదాకా పాకిన పసిరికలు కూడా ప్రమాద సంకేతాలే. తల్లికి రక్తస్రావం, జ్వరం ఉన్నాయేమో అడుగుతుంది. బిడ్డను రొమ్ముకు ఎలా పట్టుకోవాలో చూపిస్తుంది. బొడ్డుకు ఏమీ రాయొద్దని, తక్కువ బరువు బిడ్డకు తొందరపడి స్నానం చేయించొద్దని, ఎదపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోమని చెబుతుంది.

సందర్శనలన్నీ పూర్తయ్యాక ఆమెకు 250 రూపాయల ప్రోత్సాహకం అందేలా మార్గదర్శకాలు నిర్ణయించాయి. బిడ్డ బరువు తల్లీబిడ్డల ఆరోగ్య కార్డులో ఎక్కడం, జనన నమోదు, తొలి టీకాలు, 42వ రోజుకు తల్లీబిడ్డలు క్షేమంగా ఉండటం దానికి షరతులు.

తెలుగు రాష్ట్రాల్లో

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సులు, తర్వాత వచ్చిన ఉచిత కాన్పు సేవలు, 2017లో తెలంగాణలో ప్రారంభమైన కేసీఆర్ కిట్ వంటి పథకాలు గర్భిణులను ఆసుపత్రి వైపు మళ్లించాయి. 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 64 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగేవి. 2019-21 సర్వే నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతానికి, తెలంగాణలో 97 శాతానికి చేరింది. అదే సర్వేలో నవజాత శిశు మరణాలు వెయ్యి జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 19.9, తెలంగాణలో 16.8. మరణాలు తగ్గడంలో ఆసుపత్రి కాన్పులు, ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రాలు, గృహ సందర్శనలు కలగలిసి ఉన్నందున దేని వాటా ఎంతో విడదీయడం కష్టం.

పాలమూరు ప్రాంతంలో జరిగిన ‘ఛాంపియన్’ అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని 464 గ్రామాలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గంలో ఆరోగ్య అవగాహనతో పాటు ఒప్పందం కుదుర్చుకున్న ప్రైవేటు ఆసుపత్రుల్లో కాన్పు, శిశు వైద్య సేవలు అందించారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం అక్కడ నవజాత శిశు మరణాలు సుమారు 24 శాతం తగ్గాయి. ఊళ్లో మాట, ఆసుపత్రిలో మంచం రెండూ ఒకేసారి అందాలన్నది దాని సారం.

సమస్యలు

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం తెలుగువారి ఆనవాయితీ. గర్భిణిగా నమోదైంది అత్తగారి ఊళ్లో, బాలింతగా ఉండేది కన్నవారి ఊళ్లో. రెండు ఊళ్ల ఆశాలు సమాచారం పంచుకోకపోతే మధ్యలో కొన్ని సందర్శనలు జారిపోతాయి. వలస కూలీ కుటుంబాలది కూడా ఇదే పరిస్థితి. సిజేరియన్లు మరో చిక్కు. 2019-21లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం శస్త్రచికిత్సలే. ఆ తల్లులు మూడో రోజుకు ఇంటికే రారు. అందుకే సిజేరియన్ అయినవారికి ఏడో రోజు నుంచి ఐదు సందర్శనలు చేసినా పూర్తి ప్రోత్సాహకం ఇస్తారు. ఏజెన్సీ గూడేల్లో బిడ్డకు ప్రమాదం ఉందని ఆశా గుర్తించినా, రోడ్డు దాకా డోలీలో మోసుకెళ్లాల్సిన చోట్ల ఆ గుర్తింపు సగం పనే.

పనిభారం, వేతనం ఎడతెగని వివాదాలు. ఆశాలను ప్రభుత్వం స్వచ్ఛంద కార్యకర్తలుగానే పరిగణిస్తుంది. దీర్ఘకాలపు ఆందోళనల తర్వాత ఆంధ్రప్రదేశ్ 2019లో నెలకు 10,000 రూపాయలు, తెలంగాణ 2022లో 9,750 రూపాయలు ఇవ్వడం ప్రారంభించాయి. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించింది. ఊళ్లో బాలింతలందరి ఆరోగ్యాన్నీ చూసే ఆశాకు తన కాన్పుకు వేతనంతో సెలవు దక్కడానికి, పథకం మొదలయ్యాక సుమారు 20 ఏళ్లు పట్టింది.

విస్తరణ

2018లో కేంద్రం ఈ సేవను 15 నెలల వయసు దాకా పొడిగించింది. 3, 6, 9, 12, 15 నెలల్లో అదనంగా ఐదు సందర్శనలు చేరాయి. వీటిలో అనుబంధ ఆహారం, ఐరన్ చుక్కలు, టీకాలు, ఎదుగుదల మీద దృష్టి పెడతారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు ‘గ్లోబల్ హెల్త్ లీడర్స్’ పురస్కారం ప్రకటించింది. 2014 నాటి భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక ప్రకారం 2030 నాటికి నవజాత శిశు మరణాలు వెయ్యికి పది లోపుకు రావాలి. ఇప్పుడు మిగిలిన మరణాల్లో నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలవి ఎక్కువ. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఇలాంటి బిడ్డ బరువు పెరుగుతోందా, పాలు తాగుతోందా అని వారం వారం చూసే పని గృహ సందర్శనకే మిగిలింది.