భుక్తియు మౌనమును

పరులభూమి నాక్రమించి యనుభవించువానిని వెడలఁగొట్టుట నేఁడేకాదు, పూర్వమును దుర్ఘటమే. యజమాని చూచుచు, మాఱుపలుకక 20 సంవత్సరములు మిన్నకుండెనేని భూమిని గోల్పోవునని యాజ్ఞవల్క్యస్మృతి. పోవునది పంటయే కాని పొలము కాదని మితాక్షరలో విజ్ఞానేశ్వరుఁడు సరిదిద్దెను. 13వ శతాబ్దమునఁ గేతన యా ధర్మశాస్త్రమును దెనిఁగించెను. బాలుర సొత్తునకును, స్త్రీల సొత్తునకును స్మృతి యీ నియమమును వర్తింపనీయలేదు. నోరెత్తుట కధికారములేని యింతి మౌనమును సమ్మతిగా నెంచకుండుట యొక్కటి యా కాలమున మెచ్చఁదగినది.

పరుఁడు తనదిగా బహిరంగముగా ననుభవించు భూమికై 12 సంవత్సరములలోఁ దావా వేయని యజమాని హక్కే నశించునని 1963 నాఁటి కాలపరిమితి చట్టము. మైనర్లకును, మతిస్థిమితము లేనివారికిని గడువు పొడిగింపు కలదు, స్త్రీకి లేదు. సమానతకు వెల యిది కాఁబోలు! కాగితము చదువరాని వితంతువు పొలమునఁ బొరుగువాఁడు నాగలి సాగించుచుండ, ఆ సంవత్సరములు తెలియకయే గడచును. తెలిసి, మనుష్యులను బంపి వెడలఁగొట్టించెనా, స్థిరపడిన యాక్రమణదారుఁడు 6 నెలలలోపల దావా వేసి స్వాధీనమును మరలఁ బొందవచ్చును. ఆ దావాలో భూమి యెవరిదను ప్రశ్నకుఁ దావులేదు.

ఈ న్యాయము యుక్తిరహితమని 2008లో సుప్రీంకోర్టు గర్హించెను. మార్పనవసరమని 2023లో లా కమిషను పలికెను. పట్టాను బెట్టెలో నుంచి పొలము మొగము చూడని యిల్లాండ్రు మాత్రము మన యిండ్ల నింకను గలరు.