చట్టములు నడిపిన బండి

కార్న్‌వాల్ సముద్రతీరమందును, వేల్స్ కొండదారులందును, స్కాట్లండు సరస్సుల యొడ్డునను వేసవిలో సంచరించువారికి ఒక చిత్రమైన బండి తరచుగా కంటబడుచుండును. దాని ముక్కు పొట్టి, నడుము వెడల్పు. నిలిపినపిమ్మట దాని పైకప్పు మెల్లగా లేచి గుడారమగును. తలుపుల యంచులందు అతికించిన హెచ్చరికలన్నియు జపాను లిపిలో నుండును గాని, యజమానికి సాధారణముగా అందు ఒక్క యక్షరమైనను తెలియదు. దాని పేరు మాజ్డా బొంగో ఫ్రెండీ. దీనిని బ్రిటనులో విక్రయించుటకై తయారీదారులు ఏనాడును పంపలేదు. ఐనను వేలకొలది బండ్లు పాతవై, ఇతరుల చేతులు మారినవై, ఓడలెక్కి అచ్చట దిగినవి. జనులు మెచ్చిరి గనుక వచ్చెనను సమాధానము సులభమే కాని చాలదు. మెచ్చుకోలు తరువాతి మాట. ఈ బండ్లను ఒక దేశమునుండి వెళ్లగొట్టినవియు, మరియొక దేశమున ప్రవేశపెట్టినవియు, నేడు అచ్చటి నగరములనుండి సైతము తరుముచున్నవియు అధికభాగము చట్టములే.

1920లో హిరోషిమా నగరమున బెండు వస్తువులు చేయు కర్మాగారముగా పుట్టిన టోయో కార్క్ కోగ్యో, జూజిరో మత్సుదా నాయకత్వమున యంత్రములవైపు మరలి, 1931లో మూడుచక్రముల సరకుబండిని వెలువరించి, 1945 ఆగస్టున అణుబాంబు నగరమును భస్మము చేసినపుడు నగరమధ్యమునకు దూరముగా నుండుటచేత నిలద్రొక్కుకొని, కొంతకాలము ఆ ప్రాంతపు ప్రభుత్వ కార్యాలయములకే తన భవనమున చోటిచ్చి, ఆ డిసెంబరులోనే మరల మూడుచక్రముల బండ్ల నిర్మాణమునకు పూనుకొనెను. తరువాతి కాలమున మాజ్డాయను పేర లోకప్రసిద్ధమైన సంస్థ ఇదియే. 1966లో అది తెచ్చిన మొదటి బొంగో, ఇంజను వెనుకభాగమున నుండు చిన్న సరకుబండి. అనగా నేడు సెలవుదినముల విలాసమునకు గుర్తుగా నున్న ఈ నామము మొదట చిల్లరవర్తకుల బరువులు మోసినది. మన తెలుగువారికి కూడ జపాను బండ్లతో ఒక పరిచయము సరకుబండ్ల ద్వారమున కలిగినది: 1980 తరువాతి యేండ్లలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సానుతో చేతులు కలిపి జహీరాబాదులో తేలికపాటి లారీలను తయారుచేయగా, అవి మన దారులందు మూటలు మోసినవి, పరుపులు మోయు భాగ్యము వాటికి పట్టలేదు.

1990 ప్రాంతమున జపానులో ఆస్తుల ధరలు ఆకాశమునంటి కూలిపోయినవి గాని, కుటుంబసమేతముగా అడవులకును నదీతీరములకును పోయి విడిదిచేయు వేడుక మాత్రము కూలలేదు; పైపెచ్చు పెరిగినది. 1993లో ప్రభుత్వము మిచి-నో-ఎకి అను దారిపక్క మజిలీలను నమోదుచేయ నారంభించి, తొలివిడతనే 103 చోట్లకు గుర్తింపునిచ్చెను. రాత్రింబగళ్లు తెరచియుండు మరుగుదొడ్లు, బండి నిలుపుకొను స్థలము, ఆ ఊరి పంటనమ్ము అంగడి గల ఈ మజిలీలు మన పూర్వపు సత్రముల వంటివి. ఐతే గది యుండదు, గదిని ఎవరి మట్టుకు వారే తెచ్చుకొనవలెను. ఆ కదలెడు గది 1995లో బొంగో ఫ్రెండీ రూపమున వెలసినది. ముందుసీట్ల క్రింద ఇంజను, వెనుకచక్రములకు చోదనము, మడిచిన పడకయగు ఆసనములు, మీట నొక్కిన మోటారు బలముతో లేచి ఇద్దరు పవ్వళించుటకు చోటిచ్చు పైకప్పు: ఇవి దాని లక్షణములు. కప్పు దించినపుడు ఎత్తు సుమారు 2.1 మీటర్లే గనుక పట్టణములందు ఇతర కార్లవలెనే తిరుగగలదు. ఫోర్డు సంస్థకు మాజ్డాలో వాటా యుండుటచేత, ఇదే బండి ఫోర్డు ఫ్రెడా యను పేరను కూడ అమ్ముడుపోయెను. పుట్టినింట దీనికి పడక యబ్బెను గాని సాధారణముగా పొయ్యి యబ్బలేదు. పొయ్యి, నీళ్లతొట్టి, అలమరలు బ్రిటను వడ్రంగులు తరువాత కూర్చిన సారె.

పది యేండ్లు దాటిన బండిని జపానులో నడుపరాదను శాసనము కలదని కొందరు చెప్పుచుందురు. అట్టి శాసనమేదియు లేదు. ఉన్నది షాకెన్ అను పరీక్ష. క్రొత్త కారునకు మూడేండ్లు నిండినపుడును, పిమ్మట రెండేండ్లకొకసారియు జరుగు ఈ పరీక్షతోపాటు బండి బరువుపై పన్నును, నిర్బంధ బీమాను ఒక్కమారే చెల్లింపవలసియుండుటచేత, బండి చక్కగా నడుచుచున్నను, ఆ ఖర్చు పెట్టుటకంటె క్రొత్తదానిని కొనుటయే మేలని గృహస్థునకు తోచుట సహజము. అట్లు వదలిన బండ్లు వేలపు శాలలకు చేరును; అచ్చట పరీక్షకులు ప్రతి గీతను, ప్రతి నొక్కును కాగితముపై గుర్తించి శ్రేణి నిర్ణయింతురు; ఆ కాగితమును చూచియే సముద్రమునకు ఆవలి వర్తకుడు కంటచూడని బండిని కొనును.

షాకెన్ మెల్లగా నెట్టినదానిని డీజిల్ చట్టములు ఒక్క తోపు తోసినవి. 1999లో టోక్యో గవర్నరు ఇషిహారా షింతారో ప్లాస్టిక్ సీసాలో నల్లని మసినుంచి విలేఖరుల యెదుట కుదిపి చూపినాడు. ఆ నగరపు నియమములు లారీలకును బస్సులకును వర్తించినవి. కాని 1992 నాటి జాతీయ చట్టమును 2001లో సవరించినపుడు డీజిల్ కార్లను సైతము అందు చేర్చిరి. గడువు తీరినపిమ్మట పాత డీజిల్ బండికి టోక్యో, ఒసాకా, నగోయా ప్రాంతములలో పరీక్షాపత్రము దొరకదు. ఫ్రెండీలలో పెక్కింటికి ఉన్నది 2.5 లీటర్ల టర్బో డీజిల్ ఇంజనే. నిక్షేపముగా నున్న బండి ఒక సంతకముతో పనికిమాలినదాయెను, చౌక యాయెను.

ఆ చౌకబండికి బ్రిటను తలుపు తీయుటలో మొదటి కారణము ఉభయదేశములందును ఎడమప్రక్కన నడుచుట. 1970 తరువాతి యేండ్లలో జపాను కార్లు తమ విపణిలో ఇంచుమించు నూటికి 11 పాళ్లకు మించరాదని బ్రిటిషు పరిశ్రమ జపానువారితో అనధికారికమైన యొడంబడిక చేసికొనెను గాని, అది తయారీదారులను కట్టినదే తప్ప, వేలములో ఒక్కొక్క బండిని కొని ఓడకెత్తు చిల్లర వర్తకుని గూర్చి తలంచినది కాదు. అతనికి అడ్డుపడినది ఒక్కొక్క బండికి విడిగా జరుపు ఆమోదపరీక్ష. పది యేండ్లు దాటిన బండికి అదియు లేదు. కిలోమీటర్ల వేగమాపకమును మైళ్లకు మార్చి, వెనుక మంచుదీప మమర్చి, సాధారణపు వార్షికపరీక్ష గెలిపించినచో చాలును. ఆ బండిలోని జపాను రేడియో 76 నుండి 90 మెగాహెర్ట్జ్ వరకే వినిపించును గనుక, అత్యధిక బ్రిటిషు స్టేషన్లు దానికి అందవు. సుంకపుదారుల కార్డుయంత్రమును తీయక వదలినచో, తాళము త్రిప్పినప్పుడెల్ల ఒక జపాను యువతి కార్డు పెట్టలేదని మర్యాదగా హెచ్చరించును. ఆమె యేమి చెప్పుచున్నదో తెలియకయే సంవత్సరములు గడపిన యజమానులు లేకపోలేదు.

ఈ బండికి ప్రాణాంతకమైన వ్యాధి యొకటి కలదు. ఇంజను సీట్ల క్రిందను, రేడియేటరు ముందరను ఉండుటచేత చల్లబరచు నీరు పొడవైన గొట్టములలో తిరుగవలెను. ఆ నీటిని మార్చునపుడు గాలిని పూర్తిగా వెళ్లగొట్టనిచో బుడగ యెచ్చటనో చిక్కుకొని ప్రవాహమును అడ్డగించును. వేడిని చూపు ముల్లు చాలసేపు మధ్యనే కదలక నిలిచి, కదలునప్పటికి సిలిండరు హెడ్డు పగిలియుండును. కావున అనుభవశాలులు బండి కొన్న వెంటనే, కర్టెన్లకంటె ముందుగా, నీటిమట్టము తగ్గినచో కూతపెట్టు పరికరమును బిగింపజేతురు. బండి సూచనల గ్రంథము జపాను భాషలోను, మెకానిక్కు ఇంగ్లండులోను ఉన్న స్థితిలో, గాలి తీయు విధానము యజమానులు ఒకరికొకరు నేర్పుకొని నిలుపుకొన్న విద్య యైనది. ఇక తుప్పు సంగతి చెప్పనక్కర లేదు. చలికాలమున దారులపై చల్లు ఉప్పు వెనుకచక్రముల గూళ్లను తినివేయును.

మన దేశమున ఈ ముచ్చట సాగదు. ఎడమప్రక్కన నడుచు దేశమే ఐనను, తయారై మూడేండ్లు దాటిన పాతబండిని దిగుమతి చేసికొనుటకు మన నియమములు ఒప్పవు. న్యూజిలాండు ఇందుకు విపరీతము: 1980 దశకపు చివర అచ్చట పాత జపాను బండ్లకు తలుపులు బార్లా తెరచిరి, 1998 నాటికి స్వదేశమున కార్లు కూర్చు కర్మాగారములన్నియు మూతపడినవి.

టోక్యో మసిని తప్పించుకొని వచ్చిన డీజిల్ బొంగోను లండనులో అదే మసి పట్టుకొన్నది. 2019 ఏప్రిల్‌లో నగరమధ్యమున మొదలైన కాలుష్యనియంత్రణ మండలము 2023 ఆగస్టు 29 నాటికి లండను నంతటిని ఆవరించెను. యూరో 6 ప్రమాణమునకు దిగువనున్న డీజిల్ బండి అందు తిరిగిన ప్రతిదినమునకును 12.50 పౌన్ల రుసుము. నలువది యేండ్లు నిండి చారిత్రక వాహనముగా నమోదైనదానికి ఈ రుసుము లేదు. ఐతే ఫ్రెండీలలో మిక్కిలి పాతది 1995లో పుట్టినది.