ఆవంలో ఘటానికి ఏమవుతుంది? కుమ్మరి విద్య, పాకజ వాదం

ఆత్రేయపురం అనగానే పూతరేకులు స్ఫురించడం సహజం. 2023లో ఆ మధుర పదార్థానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే పలుచని బియ్యప్పిండి జాలులో ముంచిన వస్త్రాన్ని ఏ కుండ వీపు మీద పరిచి రేకు తీస్తారో, ఆ కుండను గురించి మాట్లాడేవారు అరుదు. బోర్లించిన ఆ మృద్ఘటం గర్భంలో ఎండు కొబ్బరాకుల మంట, వీపు మీద మాటిమాటికీ తడి వస్త్రం. లోపల అగ్ని, వెలుపల జలం. ఈ ద్వంద్వాన్ని దినమంతా సహించే శక్తి దానికి పొయ్యి దగ్గర రాలేదు. అంతకు పూర్వమే కుమ్మరి ఆవంలో వచ్చింది.

సారె మీద కుండను లేపడం కంటి ఎదుట జరిగే విద్య. చేయి తప్పితే మట్టిని మళ్లీ ముద్ద చేసుకోవచ్చు. ఆవం అట్టిది కాదు. పచ్చికుండలను పేర్చి, నడుమ కట్టెలూ పిడకలూ అమర్చి, పైన గడ్డి కప్పి మట్టి మెత్తిన తరువాత లోపల జరిగేదంతా పరోక్షమే. నీడన ఎన్నాళ్లు ఆరినా కుండ గోడలో కొంత తేమ మిగిలే ఉంటుంది. మంట తొందరపడితే ఆ తేమ ఆవిరియై కుండను బద్దలు కొడుతుంది. కనుక మొదట సెగ, పిదప మంట. దట్టమైన తెల్లని పొగ పలుచబడేదాకా కట్టె తోయకుండా ఆగడమే నేర్చుకునేవానికి కఠినమైన పాఠం. వేడి సుమారు 600 డిగ్రీలు చేరేసరికి మట్టి అణువులలో బద్ధమై ఉన్న జలం సైతం చాలావరకు వెడలిపోతుంది. అటుపై ఆ మట్టి నీటిలో కరగదు. లోపల గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎరుపెక్కుతుంది, గాలి మూసి పొగ పట్టిస్తే కుండ నల్లబడుతుంది. కాల్పు సరిపోయిందో లేదో, చల్లారిన కుండను వేలితో తట్టి నాదాన్ని బట్టి తెలుసుకుంటారు.

ఈ క్రమం వేదానికి అపరిచితం కాదు. గోదావరి తీరపు అగ్రహారాలలో అధ్యయన పరంపరగా నిలిచిన తైత్తిరీయ శాఖలో, అగ్నిచయనానికి కావలసిన ‘ఉఖ’ అనే మృత్పాత్ర నిర్మాణం సవిస్తరంగా చెప్పబడింది. మట్టిలో పాడుపడిన చోట దొరికిన పాత పెంకుల పొడి, ఇసుక రాళ్లు, మేక వెంట్రుకలు, కృష్ణాజినపు రోమాలు కలపాలి. ప్రతి ద్రవ్యానికీ ఒక అర్థవాదం ఉంది. అయినా పెంకు పొడి, వెంట్రుకలు కలిసిన మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ బీటలు తక్కువగా వారుతుందన్నది ఏ కుమ్మరికైనా తెలిసిన సంగతే. తరువాత గుర్రపు పేడ పొగతో ధూపనం, ఆ పిదప గోతిలో పచనం, చివర మేకపాలతో సేచనం. సెగ ముందు, మంట తరువాత అనే నియమమే ఇక్కడ మంత్రవంతమైంది.

మైత్రాయణీ సంహిత మాత్రం కులాలుడు చక్రం మీద చేసిన పాత్రను ఆసురమని, అగ్నిహోత్రపు పాలకు తగదని అంటుంది. ఈ వచనాన్ని దాచడం కన్నా, శ్రీరుద్రం చతుర్థానువాకంలో కులాలురకు అర్పించిన నమస్సును దాని పక్కన నిలిపి చదవడం న్యాయం. నిత్యం రుద్రం పఠించే భక్తుడు కుమ్మరికి కూడా నిత్యం నమస్కరిస్తున్నాడు.

తార్కికులు మరొక ద్వారం గుండా ఆవంలోకి ప్రవేశించారు. పచ్చికుండ నలుపు, పక్వఘటం ఎరుపు. ఈ రంగు ఎక్కడ మారింది? అవయవి గుణాలు అవయవాల గుణాల నుండి మాత్రమే రావాలి గనుక, ముందు పరమాణువులలోనే రూపం మారాలని వైశేషికులు వాదించారు. అందుకు అగ్ని సంయోగంతో ఘటం పరమాణు పర్యంతం విడిపోయి, అక్కడ రక్తరూపం పొంది, తిరిగి ద్వ్యణుకాది క్రమంలో ఘటంగా కూడుకోవాలి. ఇది పీలుపాక వాదం. నైయాయికులు అంగీకరించలేదు. ఘటం సచ్ఛిద్రం కనుక అగ్ని లోపలికి చొరగలదు, ఘటం నశించనక్కరలేదు. రంధ్రం గుండా చూస్తే కుండ కుండగానే కనబడుతోంది, దానిపై పేర్చిన కుండలు కూలడం లేదు, బయటికి తీశాక ‘అదే ఇది’ అన్న ప్రత్యభిజ్ఞ కలుగుతోంది. ఇది పిఠరపాక వాదం. నాశమూ పునరుత్పత్తీ అతిశీఘ్రం గనుక కానరావని వైశేషికుల సమాధానం. విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంతముక్తావళిలో తొమ్మిది క్షణాలా, పదా, పదకొండా అని ఆ ప్రక్రియకు లెక్క సైతం చూపాడు. పాకజోత్పత్తి దగ్గర బుద్ధి తొట్రుపడనివాడే వైశేషికుడని 14వ శతాబ్దికే ప్రసిద్ధి. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో తర్కసంగ్రహానికి తానే రచించిన దీపికలో ఈ రెండు మతాలనూ బాలురకు అందేటట్లు ఉంచాడు.

నేటి రసాయన శాస్త్రం ముందు ఇరువురికీ కొంత జయం, కొంత అపజయం. మార్పు అణువుల దాకా పోతుంది, మట్టిలోని స్ఫటిక నిర్మాణం నిజంగానే చెదురుతుంది. అయినా ఘటం ఒక్క క్షణమైనా ఘటం కాకుండా పోదు.

సాధకునికి ఇది శుష్క తర్కం కాదు. నీట ఉంచిన పచ్చికుండ వలె దేహం జీర్ణమవుతుందని, దానిని యోగాగ్నిలో కాల్చి శుద్ధి చేయాలని ఘేరండ సంహిత బోధిస్తుంది. ఆ గ్రంథంలో యోగానికి ఘటస్థయోగమనే పేరు. ఆ అగ్ని నుండి వెలువడేవాడు పూర్వపు మనిషేనా, లేక అణువణువునా విడిపోయి మళ్లీ కూడుకున్న వేరొకడా? ఘేరండుడు ఈ ప్రశ్నను ఎత్తుకోలేదు, క్రమాన్ని మాత్రం నిర్దేశించాడు. సప్తసాధనలలో ప్రథమం షట్కర్మలచే శోధనం, అనంతరం ఆసనాలచే దృఢత్వం, ముద్రలచే స్థైర్యం. ధ్యానం ఆరవది, సమాధి ఏడవది. పచ్చికుండకు మొదటనే పెద్దమంట పెట్టలేదు.