మేడే నాడు మా ఇంటి పొయ్యి

మా ఊరు సూర్యాపేట దగ్గర. చిన్నప్పుడు మేడే అంటే బొడ్రాయి దగ్గర ఎర్రజెండా, ఊరేగింపు, ఆ తర్వాత మా ఇంట్లో ఇరవై మందికి అన్నం. జెండా ఎగరేసేది నాన్న, ఆయన దోస్తులు. గంజు దించేది అమ్మ. "మీకు పండుగ, నాకు రెండింతల పని" అనేది నవ్వుతూ. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని.

తెలంగాణ పోరాట సాహిత్యం మీద పరిశోధన చేస్తున్నప్పుడు ఆ మాట మళ్లీ గుర్తుకొచ్చింది. 1886లో చికాగో కార్మికులు అడిగింది ఎనిమిది గంటల పనిదినం. 1923లో సింగారవేలు చెట్టియార్ మద్రాసులో మన దేశపు తొలి మేడే జరిపారు. ఈ కథంతా ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతుంది. మా పల్లెల్లో ఉన్నది గడి. గడి చాకిరికి గంటల లెక్కెక్కడిది? వడ్లు దంచడం, పిండి విసరడం, దొర బిడ్డ వెంట ఆడబాపగా ఆమె అత్తవారింటికి పోవడం, ఇదంతా ఆడవాళ్ల వెట్టి. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత వెట్టి మీద పోరు ఊరూరికీ పాకింది. అప్పటి నల్గొండ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దొరను ఎదిరించి నిలబడింది. మన మేడే చరిత్రను ఇక్కడ నుంచి కూడా రాయాలంటాను.

1951లో పోరాటం ఆగింది. ఆ తర్వాత తమను మళ్లీ ఇంటికే పొమ్మన్నారని ఆ స్త్రీలే చెప్పుకున్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తేకపోతే ఆ మాట మనదాకా వచ్చేదే కాదు.

పాలమూరు వలసల్లోనూ ఇదే తీరు. గుంపు మేస్త్రి ఆలుమగలిద్దరి పనికీ కలిపి అడ్వాన్సు ఇస్తే అది మగవాడి చేతిలో పడేది. పగలు మట్టి మోసిన ఆమే రాత్రి గుడిసెలో వండేది. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ ఉన్నాయి. పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని కూలి ఇచ్చి పెట్టాలంది ఆ చట్టం. పిల్లల్ని చూడడం కూలి కట్టవలసిన పని! చట్టంలో ఈ మాట చదివి ఎంత సంబరపడ్డానో. నేను వెళ్లిన చెరువు పనుల దగ్గర మాత్రం పసివాళ్లు తుమ్మచెట్టు నీడలో వాళ్లంతట వాళ్లే ఆడుకుంటున్నారు.

మొన్న మేడేకి ఊరు పోయినప్పుడు ఎనిమిది గంటల సంగతి అమ్మకు చెప్పాను. నాలుగింటికి లేచిన దగ్గర్నుంచి వేళ్ల మీద లెక్కపెట్టింది. "పన్నెండుకే అయిపోయినయి గద బిడ్డా" అని, కూర అడుగంటుతోందని లేచి పోయింది.