హజ్ ఓడలు – టీకా సర్టిఫికెట్లు: ఒక చారిత్రక పరిశీలన

హజ్ యాత్రకు ఏమేమి కావాలని అడిగితే మన పెద్దలు నాలుగు మాటలు చెబుతారు. మంచి నియ్యతు, హలాల్ సంపాదన, ఒంట్లో ఓపిక, ఇంట్లోవాళ్ళకు లోటు లేకుండా దారి ఖర్చు. గత నూరేళ్ళుగా వీటికి తోడు ఐదవది ఒకటి వచ్చి చేరింది. అది టీకా సర్టిఫికెట్టు. పత్తి అమ్మిన డబ్బు, మిరప కల్లాల మీద చేతికొచ్చిన డబ్బు ఏళ్ళ తరబడి కూడబెట్టుకొని బయలుదేరినా, ఆ కాగితం లేకపోతే ఓడ నిచ్చెన దగ్గరే ఆగిపోవలసిందే.

ఈ కాగితం ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, మన గుంటూరు, ప్రకాశం సీమల యాత్రికులకు దానివల్ల మేలు జరిగిందా కీడు జరిగిందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దామని మా ఉద్దేశ్యం. మొదట అది మన మీద అనుమానంతో పుట్టింది. తరువాత అదే మనకు దారి తెరిచింది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం చరిత్ర అనిపించుకోదు.

కలరా ప్రయాణం

సముద్రం మీద హజ్‌కు వెళ్ళడం మన తీరానికి కొత్త కాదు. కొండవీడు సీమ గోల్కొండ రాజ్యంలో ఉన్న రోజుల్లో మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రపు రేవులకు ఓడలు వెళ్ళేవి. సరుకుతోపాటు యాత్రికులూ వెళ్ళేవారు. గాలివాటం చూసుకొని తెరచాప ఎత్తడమే తప్ప, నీకు టీకా పడిందా అని అడిగినవాడు లేడు. అప్పటికి టీకాయే లేదు.

ఆవిరి ఓడలు వచ్చాక సంగతి మారింది. నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది. పేదవాడికి కూడా టికెట్టు అందుబాటులోకి వచ్చింది. అయితే మనిషి ఎంత త్వరగా వెళుతున్నాడో రోగమూ అంత త్వరగా వెళ్ళసాగింది. కలరా సోకిన మనిషికి కొద్ది గంటల నుంచి ఐదు రోజుల లోపల లక్షణాలు బయటపడతాయి. తెరచాప ఓడలో అయితే రోగం దారిలోనే బయటపడి, రేవు చేరేసరికి చాలావరకు సద్దుమణిగేది. ఆవిరి ఓడలో రోగి నడుచుకుంటూ దిగి ఊళ్ళోకి వెళ్ళిపోగలడు.

మక్కాలో కలరా మొదటిసారి 1831లో కనబడింది. అన్నిటికంటే ఘోరం 1865వ సంవత్సరం. ఆ ఏడు హాజీలలో సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. మిగిలినవారు తిరిగి వెళుతుంటే కలరా సూయజ్ దాటి, మధ్యధరా సముద్రం దాటి యూరపు నగరాలకు చేరింది. దానితో యూరపు ప్రభుత్వాలు ఉలిక్కిపడ్డాయి. 1866లో ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సభ జరిగింది. రోగం పుట్టినిల్లు హిందూ దేశమనీ, దానిని మోసుకొచ్చేది హజ్ ఓడలనీ ఆ సభ తేల్చింది. బ్రిటిష్ ప్రభుత్వం మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. ఓడలను ఆపితే తన వ్యాపారం దెబ్బ తింటుందన్న భయం ఒకటి, హజ్‌కు అడ్డుపడితే ముస్లిములు ఆగ్రహిస్తారన్న భయం ఒకటి.

కమరాన్ దీవి

1882లో ఉస్మానియా ప్రభుత్వం ఎర్రసముద్రంలో, యెమెన్ ఒడ్డున ఉన్న కమరాన్ దీవి మీద క్వారంటైన్ కేంద్రం తెరిచింది. దక్షిణం నుంచి వచ్చే హజ్ ఓడలన్నీ అక్కడ ఆగాలి. జనాన్ని దింపి, స్నానం చేయించి, బట్టలూ పరుపులూ ఆవిరి యంత్రాలలో పెట్టేవారు. ఓడలో రోగం ఉంటే రోజుల తరబడి ఆ ఇసుక దీవిలోనే పడి ఉండాలి. పైగా దానికి రుసుము కూడా హాజీయే చెల్లించుకోవాలి. అసలే లెక్కపెట్టి తెచ్చుకున్న డబ్బు. ఎండ, నీళ్ళ ఇబ్బంది, పరదా పాటించే ఆడవాళ్ళ అవస్థ. కమరాన్ పేరు చెబితే పాతకాలపు హాజీలు భయపడేవారంటే ఆశ్చర్యం లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ఆ దీవి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. తరువాత భారత ప్రభుత్వం, డచ్చివారి ఇండోనీషియా ప్రభుత్వం కలిసి ఆ కేంద్రాన్ని నడిపాయి.

ఇటువంటిదే మరొక కేంద్రం ఎర్రసముద్రపు ఉత్తర కొసన, సీనాయి తీరాన అల్ తూర్‌లో ఉండేది. ఈజిప్టు వైపు తిరిగి వెళ్ళే హాజీలను అక్కడ ఆపేవారు. 1905లో అక్కడ చనిపోయిన హాజీల శరీరాలలో కొత్తరకం కలరా క్రిమిని కనుగొన్నారు. దానికి ఆ ఊరి పేరే పెట్టారు. 1961లో మొదలై దేశదేశాలకూ పాకిన కలరా ఆ ‘ఎల్ టార్’ రకమే. క్వారంటైన్ కేంద్రాలు మూతపడ్డాయి గాని, పేరు మాత్రం వైద్య గ్రంథాలలో నిలిచిపోయింది.

బొంబాయి ప్లేగు

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1897 ఫిబ్రవరిలో ప్రభుత్వం అంటురోగాల చట్టం చేసింది. ఆ సంవత్సరం హిందూ దేశం నుంచి హజ్ యాత్రనే నిలిపివేశారు. బయలుదేరడానికి సిద్ధపడ్డవారు ఎంత బాధపడి ఉంటారో వేరే చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం, అదే బొంబాయిలో, ఇంకొక పని కూడా జరిగింది. హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేసి 1897 జనవరిలో మొదట తన ఒంట్లోకే ఎక్కించుకొన్నాడు. అంతకు మూడేళ్ళ ముందే కలకత్తాలో ఆయన కలరా టీకా వేశాడు. యాత్రను ఆపడం ఒక పద్ధతి, మనిషికి రక్షణ కల్పించి పంపడం ఇంకొక పద్ధతి. రెండు పద్ధతులూ ఒకే ఊళ్ళో, ఒకే ఏడాది ఎదురుపడ్డాయి. రెండోది గెలవడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

రెండు సూదులు, ఏడు రోజులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పడిన తరువాత 1951లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు వచ్చాయి. 1952 అక్టోబరు నుంచి అమలయ్యాయి. దేశానికొక తీరుగా ఉన్న కాగితాలు పోయి, అన్ని దేశాలలో చెల్లే ఒకే నమూనా సర్టిఫికెట్టు వచ్చింది. అందులో మశూచి టీకా మూడేళ్ళు చెల్లుతుంది, మొదటిసారి వేయించుకొన్నవారికి ఎనిమిది రోజుల తరువాత నుంచి లెక్క. కలరా టీకా ఆరు నెలలు చెల్లుతుంది, సూది వేసిన ఆరు రోజుల తరువాత నుంచి లెక్క.

హాజీల విషయంలో మాత్రం ఒక ప్రత్యేక నియమం పెట్టారు. మామూలు ప్రయాణికుడికి కలరా సూది ఒక్కటి చాలు. హాజీకి ఏడు రోజుల ఎడంతో రెండు ఉండాలి. రెండో సూది పడిన రోజు నుంచే సర్టిఫికెట్టు చెల్లుతుంది. కాగితం మీద కొట్టివేతలున్నా, ఒక్క గడి ఖాళీగా ఉన్నా, ఆమోదించిన ముద్ర లేకపోయినా చెల్లకుండా పోవచ్చు.

పట్నంలో ఉన్నవాడికి ఇది చిన్న విషయం. వినుకొండ పక్కనో, మార్కాపురం పక్కనో పల్లెలో ఉన్న రైతుకు, దూదేకుల సోదరుడికి ఇది పెద్ద లెక్క. వారం ఎడంతో రెండుసార్లు పట్నం రావాలి. సూదికి జ్వరం వస్తే రెండు రోజులు పని పోతుంది. పేరు పాసులో ఒక రకంగా, సర్టిఫికెట్టులో ఇంకొక రకంగా పడకుండా చూసుకోవాలి. చదువు రాని వారికి ఇది మరీ కష్టం. గుంటూరు - గుంతకల్లు మీటరుగేజి బండి ఎక్కి, గుంతకల్లులో బొంబాయి మెయిలు పట్టుకొని, సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా చేరేదాకా ఆ కాగితాన్ని టికెట్టుతో సమానంగా భద్రం చేసుకోవాలి. దూరప్రయాణం చేసి వెళ్ళి, అక్కడ కాగితం చెల్లదంటే ఆ మనిషి గతేమిటి?

కష్టం ఉన్నమాట నిజం. అయితే దానివల్ల దక్కింది ఏమిటో కూడా చూడాలి. టీకాలు నిజంగా పడుతున్నాయి, ఓడలు శుభ్రంగా వస్తున్నాయి అని నమ్మకం కుదిరిన కొద్దీ కమరాన్ అవసరం తగ్గిపోయింది. 1950లలో ఆ కేంద్రం మూతపడింది. 1956లో సౌదీ ప్రభుత్వం జిద్దాలో సొంత క్వారంటైన్ కేంద్రం ప్రారంభించింది. మరుసటి ఏడు హాజీల ఆరోగ్య బాధ్యత పూర్తిగా వారికే దక్కింది. పరాయివాళ్ళ దీవి మీద పడిగాపులు పడే రోజులు పోయి, చేతిలో కాగితంతో నేరుగా జిద్దాలో దిగే రోజులు వచ్చాయి. మొగల్ లైన్ ఓడలలో వెళ్ళిన మన హాజీలు అనుభవించింది ఈ సౌకర్యమే. బొంబాయి నుంచి హజ్ ఓడలు 1995లో ఆగిపోయి, అందరూ విమానాల మీద వెళ్ళడం మొదలయింది.

నియమాలు రాతిగీతలు కావు

ఒకసారి పెట్టిన నియమం ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోవడం పొరపాటు. అప్పటి కలరా టీకా రక్షణ అంతంతమాత్రమేననీ, రోగం దేశం దాటకుండా అది ఆపలేదనీ తేలింది. 1973లో ఆ సర్టిఫికెట్టును నిబంధనలలోంచి తీసివేశారు. మంచినీళ్ళు, మరుగుదొడ్లు బాగుచేయడమే అసలు మందని నిర్ణయించారు. మశూచి సంగతి వేరు. దాని టీకా పూర్తిగా పనిచేసింది. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. 1980లో లోకమంతటా మశూచి పోయిందని ప్రకటించారు. ఆ సర్టిఫికెట్టు కూడా పోయింది. ఒక కాగితం ఫలించక పోయింది, ఇంకొకటి ఫలించి పోయింది.

1987 హజ్‌లో మెదడు పొరల వాపు జబ్బయిన మెనింజైటిస్ చెలరేగింది. అప్పటి నుంచి దాని టీకా తప్పనిసరి అయింది. 2000, 2001లలో అదే జబ్బు వేరే రకం క్రిమితో రాగా, నాలుగు రకాలకూ పనిచేసే టీకా అడగసాగారు. మక్కా చేరడానికి కనీసం పది రోజుల ముందు అది పడాలి.

ఇక 2020 సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఏడాది సౌదీలో ఉన్నవారిలో సుమారు వెయ్యిమందే హజ్ చేశారు. 2021లో టీకా వేయించుకొన్న 60 వేలమంది, వారూ అక్కడివారే. 2022లో బయటి దేశాలకు అనుమతి ఇచ్చారు గాని 65 ఏళ్ళలోపు వారికే. కోవిడ్ టీకాల సర్టిఫికెట్టు, బయలుదేరే ముందు 72 గంటల లోపల చేసిన పరీక్ష కాగితం ఉండాలన్నారు. ఎన్నో ఏళ్ళు డబ్బు కూడబెట్టి, వయసు మీరినందువల్ల ఆ ఏడు ఆగిపోయినవారు మన జిల్లాలలోనూ ఉన్నారు. 2023లో ఆ వయసు నిబంధన తొలగింది. ఆ ఏడే మన హాజీలు తొలిసారిగా గన్నవరం విమానాశ్రయం నుంచి బయలుదేరారు.

అదే 2020 ఫిబ్రవరిలో జపానులోని యోకోహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ అనే విహారనౌకను ఆపివేశారు. అందులో 3,711 మంది ఉన్నారు. 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఓడ దిగడానికి వీల్లేక గదులలో బందీలయ్యారు. వారిలో ఎక్కువమంది సరదాగా లోకం చూడడానికి బయలుదేరిన కలిగినవాళ్ళు. తరువాత విహారనౌకలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టినప్పుడు టీకా సర్టిఫికెట్టు, పరీక్ష కాగితం లేనిదే చాలా కంపెనీలు ఎక్కించుకోలేదు. కమరాన్‌లో డెక్కు మీది పేద హాజీ పడిన పాట్లు, నూట నలభై ఏళ్ళ తరువాత మొదటి తరగతి గదుల్లో ఉన్నవారికీ తెలిసివచ్చాయి. ఎవరి కష్టాన్నీ చూసి సంతోషించవలసిన పని లేదు. కాని రోగానికి పేదా గొప్పా తేడా లేనప్పుడు, నియమానికి మాత్రం ఎందుకుండాలి? ఒకరికి ఒక సూది, హాజీకి రెండు సూదులు అన్న రోజులు మళ్ళీ రాకూడదు.

మన వంతు

కొందరు అడుగుతుంటారు, అల్లాహ్ మీద భారం వేసి వెళ్ళేవాడికి ఈ సూదులెందుకని. ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దు, ఉన్న ఊళ్ళో వస్తే అక్కడి నుంచి పారిపోవద్దు అన్నది ప్రవక్త (స) బోధ. హజ్రత్ ఉమర్ (ర) సిరియా వెళుతూ అమ్వాస్ ప్లేగు కబురు విని సర్గ్ అనే చోటి నుంచి సైన్యంతో వెనక్కు తిరిగారు. తవక్కుల్‌కూ జాగ్రత్తకూ వైరం లేదని ఇంతకంటే ఏం కావాలి?

మన గుంటూరు మిర్చి సంగతే చూడండి. పరీక్ష కాగితం లేనిదే బస్తా విదేశపు ఓడ ఎక్కదు. ఒక్క వ్యాపారి కల్తీ సరుకుకు దొంగ కాగితం పుట్టిస్తే, ఆ చెడ్డపేరు మొత్తం యార్డుకు వస్తుంది. సూది వేయించుకోకుండా ముద్ర మాత్రం కొనుక్కొనే హాజీ కూడా అంతే. అతను మోసం చేసేది ఆఫీసరును కాదు, మినాలో పక్కన పడుకొనే ముసలివాణ్ణి.

కాబట్టి సంఘ సభ్యులకు మా మనవి ఇది. హజ్‌కు వెళ్ళేవారి పేర్లు తెలిసిన వెంటనే ఆయా వాడలలోని చదువుకొన్న యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క కుటుంబాన్ని ఎంచుకొని, టీకాల శిబిరానికి వెంట తీసుకువెళ్ళాలి. పాస్‌పోర్టులోని పేరు, టీకా కాగితంలోని పేరు అక్షరం అక్షరం సరిచూడాలి. చక్కెర, రక్తపోటు మందులు రాయించి చీటీ దగ్గర పెట్టించాలి. అన్నిటికీ మించి, ఈ సూది ఎందుకో వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. భయంతో చేయి చాచడం వేరు, తెలిసి చాచడం వేరు.

యాత్రకు సిద్ధపడుతున్న మన సోదరీ సోదరులందరి హజ్‌ను అల్లాహ్ స్వీకరించుగాక. ఆరోగ్యంగా వెళ్ళి, ఆరోగ్యంగా తిరిగి వచ్చి, జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు తప్ప మరేదీ మన ఊళ్ళకు తీసుకురాకుండుగాక. ఆమీన్.