ఎడమచేతి సంగతులు

మేముండే స్లైగోలో నలుగురు తెలుగువాళ్ళం కలిసి పాటలు పెట్టుకుంటే మృదంగం వాయించేవాళ్ళు దొరకరు. దొరికేదల్లా ఎవరో ఒకరింట్లో ఉన్న కీబోర్డు. కుడిచేత్తో పాట వాయిస్తూ ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కితే చాలు, డ్రమ్స్, బేస్ గిటారు అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. ఈ ఎడమచేతి వ్యవహారానికీ, స్లైగోకీ ఒక పాత సంబంధం ఉంది. అందుకే ఈ సోది.

ఇది నిన్న మొన్నటి విద్యేం కాదు. 1950లోనే అమెరికాలో హామండ్ కంపెనీ 'కార్డ్ ఆర్గన్' తెచ్చింది. ఎడమచేతి కింద బటన్ నొక్కితే కార్డ్, అంటే మూడు నాలుగు స్వరాల గుత్తి, ఒక్కసారే పలికేది. 1959లో వుర్లిట్జర్ వాళ్ళ 'సైడ్‌మాన్' అనే దరువుపెట్టె వచ్చింది. 1980ల నాటికి ఇవన్నీ చవక కీబోర్డుల్లోకి దిగాయి. కాసియోలో ఒక మెట్టు నొక్కితే మేజర్ కార్డ్, దాని కుడివైపు ఇంకోటి కలిపితే మైనర్. యమహాలో మైనర్‌కి ఎడమవైపు నల్లమెట్టు కలపాలి. ఏదైనా సరే, ఒంటివేలికి పలికేది మేజరే. తిరకాసంతా ఇక్కడే.

ఇక స్లైగో సంగతి. ఈ కౌంటీలో కిల్లావిల్ దగ్గర 1891లో పుట్టిన మైకేల్ కోల్‌మన్ గొప్ప ఫిడేలు విద్వాంసుడు. 1914లో అమెరికా వెళ్ళి, 1921 నుంచి న్యూయార్క్‌లో గ్రామఫోన్ రికార్డులిచ్చాడు. ఈ కౌంటీవాళ్ళే జేమ్స్ మారిసన్, పాడీ కిల్లోరన్ కూడా అదే దారి పట్టారు. అప్పటిదాకా ఐరిష్ బాణీలు, మన సంగీతంలాగే, చాలావరకు ఒంటి స్వరవరసలు. రికార్డుల్లో మాత్రం పక్కన పియానో చేరింది. ఆ పియానిస్టుల్లో చాలామందికి ఈ బాణీలు తెలియవు. ఫిడేలు ఒక దారిన, కార్డులు ఇంకో దారిన పోయిన రికార్డులు కొల్లలు.

ఎందుకలా? మన భాషలో చెప్తాను. చాలా ఐరిష్ బాణీలు హరికాంభోజి స్వరాల్లోనో, ఖరహరప్రియ స్వరాల్లోనో ఉంటాయి. 'డి'ని షడ్జమం అనుకోండి. హరికాంభోజిలో కైశికి నిషాదం, అంటే 'సి'. అలవాటు కొద్దీ పంచమం మీద ఎ మేజర్ నొక్కితే అందులో సి షార్ప్, అంటే కాకలి నిషాదం పలుకుతుంది. రెండు నిషాదాలూ ఢీ! అక్కడ ఎ మైనరో, సి మేజరో పడాలి.

మన పాటల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. 'సి' షడ్జమంగా మోహనం వాయిస్తూ, అందరికీ వచ్చిన సి, ఎఫ్, జి మేజర్ కార్డులు వేశారనుకోండి. ఎఫ్ మధ్యమాన్ని తెస్తుంది, జి నిషాదాన్ని తెస్తుంది. మోహనంలో లేనివే ఆ రెండూ. పిలవని పేరంటానికి వచ్చి కూర్చుంటాయి, పాటకి శంకరాభరణం వాసన కొడుతుంది. మేజర్, మైనర్ కార్డుల్లో మోహనంలో పూర్తిగా ఇమిడేవి సి మేజర్, ఎ మైనర్ రెండే.

గమకం పలకదన్న వాదంతో ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్నే బహిష్కరించింది. 1971లో గానీ కొంత సడలించలేదు. కానీ మన పద్యనాటకాల హార్మోనిస్టు పాడేవాడి నోరు చూసి, రాగం వెంట నడిచేవాడు. కీబోర్డులోని యంత్రానికి చెవుల్లేవు. ఆ వినే పని మన ఎడమచేతిదే.

విచిత్రమేమిటంటే, కోల్‌మన్ రికార్డులు సముద్రం దాటి స్లైగోకి తిరిగొచ్చాయి. పియానో ఎలా ఏడ్చినా, ఇక్కడి వాళ్ళు నేర్చుకున్నది ఆయన కమానునే. ఆ బాణీలు వాళ్ళ చెవుల్లో ముందే ఉన్నాయి కాబట్టి తాలు తీసేసి గింజ ఏరుకున్నారు. ఇక్కడ పెరిగే మన పిల్లల్లో చాలామంది మోహనాన్ని మొదటిసారి వినేదే కీబోర్డు మీద. ఏది తాలో వాళ్ళకెవరు చెప్తారు?

ఉపాయం కూడా ఐరిష్ వాళ్ళ దగ్గరే ఉంది. 1970ల్లో బాథీ బ్యాండ్ గిటారిస్టు మీహాల్ ఓ డోనల్ లాంటివాళ్ళు తీగల శ్రుతి మార్చి, మేజరో మైనరో తేల్చే గాంధారాన్ని చాలాచోట్ల వదిలేశారు. మిగిలేది షడ్జమం, పంచమం. మీ కీబోర్డులో ఒంటివేలి పద్ధతి మానేసి 'ఫింగర్డ్' పెట్టి, ఎడమచేత్తో స, ప మాత్రమే నొక్కి చూడండి. చాలా కీబోర్డులు ఒప్పుకుంటాయి. దరువు దరువే, వెనక వినిపించేది మాత్రం మన తంబూరా. ముందు పిల్లలకి దాని మీద మోహనం పాడటం రానివ్వండి. మిగతా కార్డులు ఎక్కడికీ పోవు.