ఆకాశంలో తెగిన మాట

షార్టువేవ్ రేడియో విన్నవారందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉన్నది. పగటివేళ స్పష్టంగా పలికిన కేంద్రం మీదికి, ప్రొద్దు గ్రుంకేసరికి ఎక్కడిదో తెలియని పాట ఒకటి వచ్చి పడుతుంది. మనం విసుగుకొని మీట తిప్పుతాము. అది క్షణంలో అయ్యే పని. కాని 1945 డిసెంబరు 5వ తేదీ సాయంకాలం అమెరికా నౌకాదళ వైమానికుడు ఒకనికి ఆ మీట తిప్పడమే దుష్కరమైనది. ఆ కథ చెప్పడానికి ముందు కొంచెం వెనుకకు పోవలసి ఉన్నది.

తొలినాటి వైమానికులు కంటితో నేలను చూస్తూ విమానం నడిపేవారు. మబ్బులో చొరబడితే కంటికి ఆధారం పోతుంది. అప్పుడు మనిషికి తన శరీరమే అబద్ధం చెబుతుంది. విమానం ఒక ప్రక్కకు ఒరిగి మెల్లగా చుట్టు తిరుగుతున్నా, లోపలివానికి తిన్నగా పోతున్నట్లే తోస్తుంది. దానిని సరిచేసినప్పుడు మాత్రం ఇప్పుడే ఒరిగినట్లు అనిపిస్తుంది. ఎందరో నిపుణులు ఈ భ్రాంతికే బలియైనారు.

దీనికి విరుగుడు కనుగొన్న రోజు 1929 సెప్టెంబరు 24. న్యూయార్కు సమీపాన మిచెల్ ఫీల్డులో జేమ్స్ డూలిటిల్ అనే సైనిక వైమానికుడు తన ఆసనంపై గుడ్డ ముసుగు కప్పించుకొని, బయటి ప్రపంచం ఏమాత్రం కనిపించకుండా విమానాన్ని లేపి, సుమారు పదిహేను నిమిషాలు నడిపి, తిరిగి నేలమీద దింపినాడు. ముందు ఆసనంలో బెన్ కెల్సీ అనే సహచరుడు ఆపదకు అడ్డుగా కూర్చున్నాడు గాని అతనికి పని కలుగలేదు. డూలిటిల్‌కు దారి చూపినవి క్షితిజరేఖను తెలిపే స్పెర్రీ యంత్రం, ఎత్తును తెలిపే కోల్స్‌మన్ యంత్రం, నేలనుండి వచ్చే రేడియో సంకేతం. అప్పటినుండి వైమానిక విద్యలో ముసుగు పాఠం ఒక భాగమైనది. శరీరం చెప్పేదానిని కాదని, ముల్లు చూపేదానిని నమ్మడమే ఆ పాఠంలోని సారం. వినడానికి ఇది చాల సులభం.

ఇక పదహారేండ్ల తరువాతి సంగతి. ఫ్లారిడా తూర్పు తీరాన ఫోర్ట్ లాడర్‌డేల్ నౌకాదళ విమానాశ్రయం నుండి మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు అవెంజర్ జాతి విమానాలు ఐదు బయలుదేరినవి. వాటిలో ఉన్నవారు పదునలుగురు. ఈ దండుకు ‘ఫ్లైట్ 19’ అని పేరు. ఆనాటిది ముసుగు పాఠం కాదు. గురుతులు లేని సముద్రం మీద దిక్సూచి, గడియారం, వేగం అనే మూడింటినే నమ్ముకొని దారి లెక్కకట్టే పాఠం. నమ్మవలసినవి మాత్రం ఇక్కడా యంత్రాలే. తూర్పుగా 56 నాటికల్ మైళ్ళు పోయి బాంబులు వేసే అభ్యాసం చేసి, మరి 67 మైళ్ళు సాగి, ఉత్తరానికి తిరిగి 73 మైళ్ళు, అక్కడినుండి ఇంటిదారి 120 మైళ్ళు. శిక్షకుడు లెఫ్టినెంట్ చార్లెస్ టేలర్, యుద్ధంలో ఆరితేరిన వైమానికుడు. అతడు అంతకు కొద్దికాలం ముందే మయామీ నుండి మారి వచ్చినాడు. ఈ చిన్న సంగతిని పాఠకులు మనసులో ఉంచుకోవాలి.

సుమారు 3 గంటల 40 నిమిషాలకు, విమానాశ్రయం మీద వేరొక శిష్యబృందంతో ఉన్న లెఫ్టినెంట్ కాక్స్‌కు టేలర్ మాటలు వినవచ్చినవి. తన దిక్సూచులు రెండూ పనిచేయడం లేదనీ, క్రింద తునకలు తునకలుగా నేల కనిపిస్తున్నదనీ, తాను కీస్ మీద ఉన్నానన్నది నిశ్చయమనీ అతడు చెప్పినాడు. కీస్ అంటే ఫ్లారిడా దక్షిణపు కొసనుండి నైరుతిగా సాగిన ద్వీపాల వరుస. మయామీలో పనిచేసినవానికి అవి చిరపరిచితాలు. కాని వారు పోయినది తూర్పునకు, బహామా ద్వీపాల మీదికి. పైనుండి చూచినవానికి రెండు చోట్లా నీటిలో చల్లిన నేల తునకలే. కీస్ మీద ఉన్నవాడు ఈశాన్యంగా పోతే ఇల్లు చేరుతాడు. బహామాల మీద ఉన్నవాడు ఈశాన్యంగా పోతే అట్లాంటిక్ మహాసముద్రంలోకి పోతాడు.

కాక్స్ ఎదురువచ్చి కలుసుకుంటానని దక్షిణంగా బయలుదేరినాడు. పోయినకొద్దీ టేలర్ గొంతు దగ్గర కావలసినది, సన్నగిల్లిపోయినది. టేలర్ దక్షిణాన లేడనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి? కాని ఆ క్షణాన అది ఎవరికీ తట్టలేదు.

వారు మాట్లాడుకుంటున్నది 4805 కిలోసైకిళ్ళ మీద. మన పాత శ్రోతలకు ఈ అంకె పరాయిది కాదు. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం చాల ఏండ్లు షార్టువేవ్‌లో పలికిన 4800కు ఇది ప్రక్కిల్లే. ఆ సాయంత్రం క్యూబా కేంద్రాల ప్రసారాలు 4805 మీదికి వచ్చి పడినవి. గొంతులు చెదరిపోయినవి. నేలమీది రక్షణకేంద్రం వారు, ఆపత్సమయాలకై ప్రత్యేకించిన 3000 కిలోసైకిళ్ళకు మారుమని టేలర్‌ను కోరినారు. అతడు మారలేనన్నాడు. తన విమానాలు చెదరిపోకుండా కాచుకోవలసి ఉన్నదన్నాడు.

నా దృష్టిలో కథకు గుండెకాయ ఇది. మారితే నేల గొంతు తేటగా వినబడేది. కాని ఐదుగురిలో ఒక్కడు ఆ మార్పును వినకపోయినా, మీట సరిగా కుదుర్చుకోలేకపోయినా, చీకటిలో, అలల మీద, ఆ ఒక్కడు ఒంటరివాడైపోతాడు. అవతలి విమానాలను నడుపుతున్నవారు శిక్షణ పొందుతున్నవారు. టేలర్ వారి గొంతులను ఎన్నుకొని నేల గొంతును వదులుకొన్నాడు. అతని లెక్క తప్పు కావచ్చును. దిక్సూచులను నమ్మకపోవడం ఇంకా పెద్ద తప్పు కావచ్చును. కాని ఆ ఎన్నికను పిరికితనమని గాని అహంకారమని గాని అనడానికి నాకు నోరు రాదు. పడమటికి పోతే ఇల్లు చేరుతామని శిష్యులలో ఒకరు వాపోయిన మాట నేలమీద వినబడినదని విచారణలో తేలినది. అయినా ఎవరూ దండు విడిచిపోలేదు.

5 గంటల 29 నిమిషాలకు సూర్యాస్తమయమైనది. ఆరు గంటలు కావస్తుండగా తీరమందలి దిశానిర్ణయ కేంద్రాలు సంకేతాలను కొలిచి, వారు 29 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల పశ్చిమ రేఖాంశం చుట్టుప్రక్కల, అనగా బహామాలకు ఉత్తరాన, ఉన్నట్లు నిర్ణయించినవి. సరియైన జవాబు దొరికినది. అడిగినవానికి మాత్రం అందలేదు. ఆ తరువాత కూడ టేలర్ తాము తూర్పునకు చాలినంత పోలేదని, మళ్ళీ తూర్పుగా తిరుగుదామని అంటూ వినబడినాడు. ఒక విమానంలో పెట్రోలు పది గ్యాలన్లకు తగ్గగానే అందరం కలిసే దిగుదామన్నాడు. 7 గంటల 4 నిమిషాలకు దండు పిలుపుగుర్తు చివరిసారి లీలగా వినబడినది.

వెదకడానికి 7 గంటల 27 నిమిషాలకు పదముగ్గురితో లేచిన మారినర్ సముద్రవిమానం కూడ తిరిగి రాలేదు. 7 గంటల 50 నిమిషాలకు గెయిన్స్ మిల్స్ అనే చమురునౌకలోనివారు సముద్రంమీద మంటలు చూచినారు. ఒక్క సాయంత్రానికి ఇరువది ఏడుగురు.

ఈ దుఃఖానికి తరువాతివారు మాయ ముసుగు వేసినారు. 1964లో ఒక పత్రికారచయిత ‘బెర్ముడా త్రికోణం’ అని పేరు పెట్టిన నాటినుండి అద్భుతకథలకు లోటు లేదు. అర్థమయ్యే విషాదాన్ని అర్థం కాని వింతగా మార్చడం ఆ పదునలుగురికి చేసిన గౌరవం కాదని నా అభిప్రాయం.

నేడు మాట తెగినప్పుడు చేయవలసినదానికి నియమం ఉన్నది. వైమానికుడు తన యంత్రంలో 7600 అనే అంకెను కూర్చితే రాడారు చూచేవారికి సంగతి తెలుస్తుంది. మబ్బులో ఉన్నవాడు అంతకుముందు అంగీకరించిన దారినే సాగిపోతాడు. విమానాశ్రయ గోపురం నుండి నిలుకడగా వెలిగే పచ్చదీపం దిగుమని చెబుతుంది. పాఠం మధ్యలో ఈ ఘట్టాన్ని కల్పించి నేర్పడమూ ఉన్నది.

నౌకాదళం మొదట టేలర్‌దే తప్పని నిర్ణయించినది. అతని తల్లి పట్టు విడువలేదు. 1947లో దానిని ‘కారణం తెలియదు’ అని మార్చినారు. 1991లో నిధులకోసం సముద్రం గాలించిన ఒక నౌకవారికి ఫోర్ట్ లాడర్‌డేల్‌కు దగ్గరలోనే నీటి అడుగున అవెంజర్ విమానాలు ఐదు కనిపించినవి. పత్రికలన్నీ ఆ కథ ముగిసినదని వ్రాసినవి. తీరా తోకలమీది సంఖ్యలు చదివి చూస్తే, అవి ఫ్లైట్ 19 విమానాలు కావు.